కాఫీలు పంపించమంటారా అండి

మిక్సీ తిరుగుతున్నంతసేపే నాకు ధైర్యం. ఆ సోమవారం పొద్దున్న ఆరింటికి అల్లం పచ్చడి రుబ్బుతూ, మూత మీద అరచెయ్యి నొక్కిపెట్టి, "సార్, ఏడో ట్యాంకు రొయ్యపిల్లని ఇవాళ పంపకూడదండి, మళ్లీ టెస్టు చెయ్యాలి" అని నాలుగుసార్లు గట్టిగా అన్నాను. మొదటిసారి గొంతు తడబడింది. నాలుగోసారికి బాగానే వచ్చింది. మిక్సీ ఆపగానే "ఎవరితో మాట్లాడుతున్నావు?" అన్నారు మా ఆయన శ్రీనివాసరాజు, హాల్లో ఫోను చూసుకుంటూ. "ఎవరితోనూ లేదండి" అన్నాను. అంతలోనే కడుపులో తిప్పింది. పోపు మాడిపోతుందని పొయ్యి కట్టేసి బాత్రూముకి పరుగెత్తాను. మూడోసారి వెళ్లొచ్చేసరికి మా అత్తగారు బంగారమ్మ గారు టేబుల్ దగ్గర కూర్చుని "ఇవాళ మీటింగా?" అన్నారు. వారం ఏదో తెలుసుకోవడానికి మా ఇంట్లో క్యాలెండరు చూడక్కర్లేదు, నా కడుపు చాలు. మా అమ్మాయి కీర్తిప్రియ నవ్వు ఆపుకుంటూ బాక్సు సర్దుకుంది. నేనూ నవ్వాను. పదమూడేళ్ల పిల్ల ముందు పరువు అలా పోతుంటే నవ్వడం తప్ప ఇంకేం చెయ్యాలో నాకు తెలియదు.

నేను మైక్రోబయాలజీలో ఎమ్మెస్సీ చేశాను. మొగల్తూరు దాటాక సముద్రం ఒడ్డున ఉన్న ఒక రొయ్యపిల్లల హేచరీలో ల్యాబ్ ఇన్‌చార్జిని. ట్యాంకుల్లో పెంచిన పిల్లలు రైతుల చెరువుల్లోకి వెళ్లే ముందు వాటికి రోగం ఉందో లేదో పరీక్ష చేసి చెప్పాలి. పరీక్ష చెయ్యడంలో నన్ను ఎవరూ తప్పు పట్టలేదు ఇంతవరకు. చిక్కంతా చెప్పడం దగ్గరే వస్తుంది. ఫలితం కాగితం మీద ఉన్నంతసేపు నేను ల్యాబ్ ఇన్‌చార్జిని. దాన్ని పట్టుకుని ఎమ్.డి. గారి గది గుమ్మం దగ్గరికి వెళ్లేసరికి మా ఇంటి కోడలినైపోతాను.

ఎందుకంటే ఆ ఎమ్.డి. అచ్యుతరామరాజు గారు మా మావగారికి పెదనాన్న కొడుకు. నాకు వరసకి మావగారు. మా అత్తగారికి బావగారు. నలభై ఐదేళ్ల కాపురంలో మా అత్తగారు ఆయనతో ఒక్క మాట నేరుగా మాట్లాడలేదు. ఆయన మా ఇంటికొస్తే ఆవిడ వంటింటి తలుపు వెనకాల నిలబడి, "మజ్జిగ పుచ్చుకుంటారేమో అడగండి" అని ఇంట్లో ఎవరుంటే వాళ్లతో అంటారు. ఆయన పక్క గదిలోనే ఉంటారు, ఆవిడ మాట చక్కగా వినపడుతుంది, అయినా ఎవరో ఒకరు ఆ మాటని మోసుకెళ్లి మళ్లీ చెప్తేనే ఆయన జవాబిస్తారు. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఇది చూసి నవ్వుకున్నాను. పదహారేళ్లు తిరిగేసరికి నేనూ ఆ తలుపు వెనకాలే ఉన్నాను. "పెద్దాయన దయవల్ల వచ్చిన ఉద్యోగం. అక్కడ నోరెత్తకు" అని మా ఆయన మొదటిరోజే చెప్పారు. ఆఫీసులో సోమవారం పది గంటలకి మీటింగంటే అందరూ కుర్చీల్లో కూర్చుంటారు, నేను గుమ్మం పక్కన నిలబడతాను. కూర్చోమని ఎవరూ అనరు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఆ మాట ఒప్పుకోవాలి.

దీనికి మందు వెతక్కుండా లేను. ఫోనులో వీడియోలు చూశాను. నాలుగు అంకెలు లెక్కపెడుతూ ఊపిరి పీల్చి, నాలుగు అంకెలు ఆపి, మెల్లగా వదలమంది ఒకమ్మాయి. మీటింగు మొదలైన ఐదు నిమిషాల్లోపే ఏదో ఒకటి మాట్లాడెయ్యాలిట, ఆలస్యమైన కొద్దీ భయం పెరుగుతుందిట. ఎదురుగా ఉన్నవాళ్లని స్నేహితులనుకోమంది. అచ్యుతరామరాజు గారిని నేను స్నేహితుడనుకుంటే మా అత్తగారు ఏమైపోవాలి. ఊపిరి మాత్రం పీల్చేదాన్ని. ఒకసారి అలా ఆపి ఉంచుతుంటే ప్రొడక్షన్ మేనేజరు ప్రసన్నకుమార్ గారు "మేడం, ఎక్కిళ్లా?" అని మంచినీళ్లు తెప్పించారు. ఆ తరవాత అదీ మానేశాను.

చివరికి నాకు తెలిసిన దారే పట్టాను. చెప్పాల్సింది చీటీ మీద రాసి మీటింగుకి ముందు ప్రసన్నకుమార్ గారి చేతికిచ్చేదాన్ని. ఆయన చదివి వినిపించేవారు. ఫలానా నీళ్లలో ఉప్పు తేడాగా ఉంది, ఫలానా మేత మార్చాలి అని ఆయన నోటి వెంట నా మాటలు వస్తుంటే, "బాగా కనిపెట్టారండి ప్రసన్నకుమార్ గారు" అనేవారు మావగారు. నాకు కోపం రాకపోగా హాయిగా ఉండేది. ఈ సంగతి రాయడానికి సిగ్గేస్తోంది. నా పని నా పేరు లేకుండా జరిగిపోతోందని కాదు, నేను మాట్లాడక్కర్లేకుండా జరిగిపోతోందని సంబరపడేదాన్ని. మూడేళ్లు అలా గడిచాయి.

ఆ సోమవారానికి ముందు శనివారం సాయంత్రం ఏడో ట్యాంకు శాంపిల్‌లో వైట్ స్పాట్, అంటే రొయ్యల్ని చంపే తెల్లమచ్చల రోగం, ఉందని చూపే గీత టెస్టులో సన్నగా కనిపించింది. చూడకూడదనుకుంటే కనపడనంత సన్నగా. టెస్టు చేసింది నా దగ్గర పనిచేసే మెర్సీ. నరసాపురం అమ్మాయి, ఇరవై నాలుగేళ్లు, ఒక్క విషయం కూడా చూసీ చూడనట్టు వదలదు. "మేడం, ఇది మళ్లీ చెయ్యాలి. అప్పటిదాకా ఆ ట్యాంకు ఆపమనాలి" అంది. సోమవారం సాయంత్రం ఆ పిల్లలు బండెక్కాలి. "చెప్తానులే" అన్నాను. మెర్సీ నా మొహం చూసి, "నన్ను ఆ గదిలోకి రానివ్వరు కాబట్టి గానీ, లేకపోతే నేనే చెప్పేద్దునండి. మీరైతే వాళ్ల మనిషి, మీ మాట వింటారు" అంది. వాళ్ల మనిషిని కాబట్టే నాకు నోరు లేదని ఆ పిల్లకి ఎలా చెప్పను. ఆ రోజు చీటీతో ఊరుకోకూడదని, నేనే చెప్పాలని గట్టిగా అనుకున్నాను. మిక్సీ దగ్గర నాలుగుసార్లు అన్నది అందుకే. అయినా ఆఫీసుకి వెళ్లగానే చెయ్యి దానంతటదే చీటీ రాసింది. "ఏడో ట్యాంకు ఆపాలి. అనుమానంగా ఉంది. మళ్లీ టెస్టు." ప్రసన్నకుమార్ గారికి ఇచ్చాను. ఆయన చదివి, మడిచి జేబులో పెట్టుకున్నారు.

మీటింగులో మావగారు ఉత్సాహంగా ఉన్నారు. బండ్లు వచ్చేశాయి, రైతులు ఫోన్లు చేస్తున్నారు, ఆ నెల అనుకున్నదానికంటే ఎక్కువ పిల్ల వెళ్తోంది. "ల్యాబు సంగతేంటండి?" అన్నారు. ప్రసన్నకుమార్ గారు జేబు దగ్గరికి చెయ్యి కూడా పోనివ్వలేదు. "అంతా ఓకే అండి" అన్నారు. నా వైపు చూడలేదు. ఇప్పుడు చెప్పాలి అనుకున్నాను. నోరు తెరిచాను కూడా. గుమ్మం దగ్గర ఏదో కదిలినట్టుండి మావగారు ఇటు తిరిగారు. "ఏమ్మా, ఏమన్నా చెప్పాలా?" అన్నారు. మంచిగానే అడిగారు. కోప్పడి ఉంటే ఆ వంకైనా మిగిలేది నాకు. గదిలో ఐదుగురు నా వైపు చూశారు. నా నాలుక మీద ఏడో ట్యాంకు ఉంది. నా నోట్లోంచి వచ్చింది మాత్రం, "కాఫీలు పంపించమంటారా అండి?" అని.

"ఆ, పంపించు. నాకు పంచదార తక్కువ" అన్నారు మావగారు. "మేడం ఉంటే ఆఫీసు ఇల్లులా ఉంటుందండి" అన్నారు ప్రసన్నకుమార్ గారు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. క్యాంటీన్‌లో ఆ ఐదు కాఫీలకీ చెప్పి, ఒకదాంట్లో పంచదార తగ్గించమని రెండుసార్లు గుర్తు చేసి, స్టోరు రూము వెనక్కి వెళ్లి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఏడుపు రాలేదు. ఒళ్లంతా సిగ్గుగా ఉంది. చదువుకున్న రెండు డిగ్రీలు, నేర్చుకున్న పని, అన్నీ కలిపి ఐదు కాఫీలయ్యాయి. మెర్సీ వచ్చి "చెప్పారా మేడం?" అంది. తల ఊపాను. ఔననీ కాదనీ కాకుండా ఊపాను. ఆ పిల్ల ఔననే అనుకుంది.

సాయంత్రం ఏడో ట్యాంకు ఖాళీ అయింది. అప్పుడు మెర్సీకి అర్థమైంది. మర్నాడు పొద్దున్న మిగిలిన శాంపిల్ చేతిలో పట్టుకుని, "ఇంకా ఉంది మేడం, మళ్లీ చేసి చూద్దామా? నిజంగా ఉంటే రైతులకి ఫోను చెయ్యొచ్చు" అంది. "వద్దులే" అన్నాను. ఎందుకు వద్దన్నానో ఇన్నాళ్లూ ఎవరికీ చెప్పలేదు. మళ్లీ చేస్తే తెలిసిపోతుంది కదా. తెలిశాక చెప్పాలి కదా. తెలియకపోతే అది ఉత్త అనుమానమే, అనుమానం కోసం పెద్దవాళ్ల ముందు ఎవరు నోరెత్తుతారు. మెర్సీ ఆ శాంపిల్‌ని మళ్లీ ఫ్రిజ్‌లో పెట్టేసింది. ఆ రోజు నుంచి నాతో పని మాటలే మాట్లాడింది.

ఆ రోజులన్నీ ఇంట్లో నేను మామూలుగానే ఉన్నాను. అంటే ఐదింటికి లేచాను, అత్తగారి కాళ్లకి నూనె రాశాను, మా ఆయన చొక్కాలు ఇస్త్రీ చేశాను. ఒకసారి గ్యాసు కంపెనీకి ఫోను చేస్తుంటే ఆయన నా చేతిలోంచి ఫోను లాక్కుని, "ఇలా ఇయ్యి, నువ్వు మాట్లాడితే వాడు రేపు కూడా సిలిండరు తీసుకురాడు" అన్నారు. పెళ్లైన కొత్తలో ఇలా అంటే ముద్దుగా ఉండేది, నా బరువు ఆయన మోస్తున్నారనుకునేదాన్ని. ఇప్పుడు ఆయన చేతిలో ఫోనుని చూస్తూ, వీళ్లు నా గొంతు లాక్కున్నారా, నేనే ఇచ్చేశానా అని చాలాసేపు ఆలోచించాను. లాక్కున్నారని తేలితే బావుండును. తేలలేదు.

ముప్పై ఐదో రోజున, అది కూడా సోమవారమే, వీరవేణి వచ్చింది. సముద్రం ఒడ్డున వేటకెళ్లే వాళ్ల ఊళ్లో ఉంటుంది. మొగుడు బోటు మీద పనికి పోతాడు, ఎకరం చెరువు లీజుకి తీసుకుని తనే చూసుకుంటోంది. పెద్ద రైతులు మా దగ్గర కొన్న పిల్లని బయట ల్యాబులో మళ్లీ టెస్టు చేయించుకుంటారు. ఎకరం వాళ్లు మా మాట మీదే తీసుకెళ్తారు, ఏడో ట్యాంకు పిల్లని ఈమె తీసుకెళ్లినట్టే. ప్లాస్టిక్ బకెట్టు నిండా చచ్చిన రొయ్యలు తెచ్చి మెట్ల మీద పెట్టింది. నేను ల్యాబు కిటికీలోంచి చూశాను. దగ్గరికెళ్లక్కర్లేదు, తల డిప్పల మీద తెల్లమచ్చలు అక్కణ్నుంచే తెలుస్తున్నాయి. మెర్సీ నా పక్కనే నిలబడి చూసింది.

మావగారు ఆమెని మీటింగు గదిలోకే పిలిపించారు. నేను గుమ్మం దగ్గర నా చోట్లో ఉన్నాను. వీరవేణి గోడకి దగ్గరగా నిలబడింది. కొంగు చేతికి చుట్టుకుంది. "గట్టెంబడ తేలిపోయాయండి. మూడు రోజుల్లో మొత్తం పోయాయి. పిల్లలో ఏమన్నా తేడా ఉందేమో సూడండి బాబూ" అంది. ప్రసన్నకుమార్ గారు ముందుకి వంగారు. "మా పిల్లలో తేడా ఏముంటుందమ్మా, ల్యాబులో చూసే ఇచ్చాం. నీ చెరువు చుట్టూ వల కట్టావా? పీతలు రాకుండా చూసుకున్నావా? నీళ్లు ఎక్కణ్నుంచి పెట్టావు?" ఆమె అన్నిటికీ జవాబు చెప్పింది. అన్నీ సరిగ్గానే చేసింది. ఆయన గొంతు తగ్గించి, "పోనీ గట్టు మీదకి మైల గానీ తగిలిందా?" అన్నారు.

గదిలో ఎవరికీ అది తప్పుగా తోచలేదు. మా వైపు చాలా చెరువుల దగ్గర ఆ మూడు రోజులూ ఆడవాళ్లని గట్టెక్కనివ్వరు, ఎక్కితే రొయ్యకి రోగం తగులుతుందంటారు. ఫిషరీస్ చదివిన ప్రసన్నకుమార్ గారు కూడా అంటారని నాకు ఆ రోజే తెలిసింది. వీరవేణి తల దించుకుంది. ఐదుగురు మగాళ్ల మధ్య ఆమె మెడ దాకా ఎర్రబడింది. "ఎక్కానండి" అంది. "మా ఆయన ఏటకెళ్లాడు. మేత ఏసేవోళ్లు లేకపోయారు. రెండో రోజు ఎక్కానండి. మా అత్త అప్పుడే అంది, నీ వల్లే పోద్ది అని. ఊరోళ్లందరూ అదే అంటన్నారు. తప్పు నాదే అయితే సెప్పండి బాబూ, ఎల్లిపోతాను."

"అదీ సంగతి" అన్నారు ప్రసన్నకుమార్ గారు, కుర్చీలో వెనక్కి వాలుతూ. మావగారు తల అడ్డంగా ఊపి కాగితాల వైపు తిరిగారు, పని అయిపోయినట్టు. వీరవేణి బయటికి వెళ్లడానికి ఇటే వచ్చింది, గుమ్మం దగ్గరికి, నా దగ్గరికి. ఆమె మొహం దగ్గరగా చూశాను. ఆ సిగ్గు నాకు బాగా తెలిసిన సిగ్గు. నెల రోజులుగా నేను మోస్తున్నదే. కాకపోతే అది నాది. చెయ్యని తప్పుకి ఆమె దాన్ని తల మీద పెట్టుకుని ఊరికి వెళ్లిపోతోంది, నేను పక్కకి జరిగి దారి ఇస్తున్నాను.

జరగడం ఆపాను. "సార్, యాక్చువల్లీ..." అన్నాను. ఇంగ్లీషులో ఎందుకు మొదలుపెట్టానో తెలియదు. "తరవాత చెబుదువుగానీ అమ్మా" అన్నారు మావగారు తల ఎత్తకుండా. ఆయన వైపు చూస్తే ఇక మాట రాదని నాకు తెలుసు. అందుకని వీరవేణి వైపు తిరిగాను. "గట్టెక్కడం వల్ల కాదండి" అన్నాను. గొంతు పీలగా, నాకే పరాయిగా వచ్చింది. "రోగం మీ చెరువులో రాలేదు. ఇక్కణ్నుంచే వచ్చింది. ఏడో ట్యాంకులో రోగం ఉందని నాకు ముందే అనుమానం వచ్చింది. టెస్టులో కనపడింది. నేను ఆపించలేదు."

"మేడం కంగారులో ఏదో అంటున్నారండి" అన్నారు ప్రసన్నకుమార్ గారు. "మీకు చీటీ రాసిచ్చాను కదండి" అన్నాను. "ఏ చీటీ అండి?" అన్నారు ఆయన, నిజంగానే గుర్తు లేనట్టు. అప్పుడు కోపం రావాలి నాకు. రాలేదు, ఇంకా సిగ్గే వచ్చింది. "చీటీ ఇచ్చి నేను ఊరుకున్నానండి. సార్ నన్ను అడిగారు కూడా, ఏమన్నా చెప్పాలా అని. నేను కాఫీల గురించి అడిగాను" అన్నాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. మావగారు కళ్లజోడు తీశారు. "ఏంటమ్మా ఇది. ఇవన్నీ మనలో మనం మాట్లాడుకునేవి" అన్నారు. పదహారేళ్లలో ఆయనతో నేను ఏదీ మాట్లాడుకోలేదు. "శాంపిల్ ఇంకా ఫ్రిజ్‌లో ఉందండి. మెర్సీ ఇప్పుడే మళ్లీ టెస్టు చేస్తుంది" అన్నాను.

ఇంత చెప్పాక గుండె తేలికపడుతుందని ఆ వీడియోల్లో అందరూ అన్నారు. పడలేదు. వీరవేణి నన్నే చూస్తోంది. దయగా ఏమీ చూడటంలేదు. "తెలిసే ఊరుకున్నారా అండి?" అంది. "ఊరుకున్నాను" అన్నాను. "ఎందుకండి?" "భయమేసి." ఆమెకి కూడా భయాలు ఉండి ఉంటాయి, అయినా మేత వెయ్యడానికి గట్టెక్కింది. "ఇక్కడ సెప్తే ఏం లాభమండి" అంది. "మా ఊళ్లో నన్నంటన్నారు. రేపు పొద్దున్న రోగం సావడానికి సెరువులో బ్లీచింగ్ సల్లుతారు. మా అత్త, మా ఆయన, ఊరోళ్లు, అందరూ గట్టు మీదే ఉంటారు. అక్కడికొచ్చి ఈ మాట సెప్తారా?"

ఐదుగురి ముందు నాలుగు ముక్కలు చెప్పడానికే నాకు నెల పట్టింది. ఈమె ఊరందరి ముందూ చెప్పమంటోంది. "శ్రీసత్యా, నువ్వు ఇంటికెళ్లు. నేను శ్రీనుతో మాట్లాడతాను" అన్నారు మావగారు. ఉద్యోగం సంగతి అప్పుడే తేలిపోయిందని అర్థమైంది. మా ఆయన ఏమంటారో, అత్తగారు తలుపు వెనకాల నిలబడి నా గురించి ఎవరితో ఏమనిపిస్తారో అదీ తెలుసు. నాలుగు అంకెలు లెక్కపెట్టలేదు. వీరవేణిని "ఎన్నింటికి రమ్మంటారు?" అని అడిగాను. "ఏడింటికండి" అంది. నమ్మినట్టు లేదు ఆమె.

"వస్తానండి" అన్నాను. తరవాతి మాట ఇంట్లో మా ఆయనతో కూడా ఎప్పుడూ పైకి అనలేదు. మావగారు వింటున్నారని తెలిసే అన్నాను, ఇంకెవరూ దాన్ని మోసుకెళ్లి చెప్పక్కర్లేనంత గట్టిగా.

"రేపు నాకు రెండో రోజు. గట్టెక్కే చెప్తాను."